రేపటి పంతుళ్ళు – బడిలోకి వచ్చిన యంత్రాలు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు గొప్పదని చెప్పటానికి నేను రానక్కరలేదు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. దివ్య ఖురాన్ అవతరణ చదవమన్న ఆజ్ఞతోనే మొదలైందనీ, ఆ మొదటి వాక్యాల్లోనే కలం ప్రస్తావన ఉందనీ మన పిల్లలు మక్తబ్‌లోనే నేర్చుకుంటారు. అందులో నాకు తోచిన విశేషం ఒకటుంది. కలం కూడా ఒక ఉపకరణమే. మనిషికి తెలియనిది తెలియజేయటానికి ఉపకరణం అవసరమన్న సంగతి మనకు కొత్తదేమీ కాదు. పలక, బలపం, నల్లబల్ల, పటం, రేడియో, టీవీ, కంప్యూటరు, చేతిలోని ఫోను – అన్నీ ఆ వరసలోవే.

అందుచేత ఈరోజు నేను ఎంచుకున్న విషయం ఇది: ప్రాథమిక పాఠశాలల్లో రేపు ఉపాధ్యాయులు కాబోయేవారు ఈ కొత్త ఉపకరణాలను తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లీషు పాఠాల్లో ఎలా వాడాలో ఎక్కడ నేర్చుకోవాలి, ఎప్పుడు నేర్చుకోవాలి? చీడికాడ, చోడవరం, మాడుగుల ప్రాంతాల మన కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. మన ఇళ్ళలో పదిమంది పిల్లలు పై చదువులకు వెళ్తే వారిలో ఒకరిద్దరైనా పంతులుద్యోగం వైపు చూస్తారు. ఆడపిల్లల విషయంలో మరీను. తండ్రి ధైర్యంగా పంపగలిగిన ఉద్యోగం, ఊరికి దగ్గరగా ఉండే ఉద్యోగం అదే.

ఆ దారి నేటికీ మూసుకుపోలేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించటానికి బీఎడ్ అర్హత కాదనీ, ప్రాథమిక విద్యలో శిక్షణే కావాలనీ 2023 ఆగస్టు 11న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. అంటే రెండేళ్ళ డీఎడ్ చదివినవారికి విలువ నిలబడింది. 2025లో మన రాష్ట్రంలో జరిగిన మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు. ఆ పరీక్షను కాగితం మీద పెట్టలేదు, కంప్యూటరు మీద పెట్టారు. పంతులు కావటానికే కంప్యూటరు ముందు కూర్చోవలసిన కాలం వచ్చిందని గమనించండి.

యంత్రం ముందా, మాస్టారు ముందా?

ఇందులో మన దేశానికి యాభై ఏళ్ళ అనుభవం ఉంది. కొత్తగా కనిపెట్టవలసింది తక్కువ, గుర్తుంచుకోవలసింది ఎక్కువ.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ ఒక గొప్ప ప్రయోగం చేసింది. అమెరికావారి ఉపగ్రహాన్ని ఒక్క సంవత్సరానికి వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. దానినే ఇంగ్లీషు అక్షరాలు కలిపి 'సైట్' అన్నారు. ఆ ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. ఆ టీవీ పెట్టెలు తయారైంది హైదరాబాదు ఈసీఐఎల్‌లో. కోళ్ళ గూటికి కట్టే వల లాంటి ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు పల్లె బడి దగ్గర నిలబెట్టి, ఉదయం పూట పిల్లలకు పాఠాలు, సాయంత్రం ఊరివాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం వంటి కార్యక్రమాలు చూపించారు.

అయితే దాన్ని నేను ఈ సభలో తలచుకోవటానికి కారణం టీవీ కాదు. ప్రయోగం మొదలైన మూడో నెలలోనే, 1975 అక్టోబరులో, వేలాదిమంది ప్రాథమికోపాధ్యాయులకు పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. తర్వాత మరో విడత. రెండు విడతలూ కలిపి సుమారు 50 వేలమంది. నేర్పింది సైన్సు పాఠం చెప్పే పద్ధతి. ఊరికే టీవీ చూపించి పంపెయ్యలేదు. టీవీలో చూశారు, రేడియోలో విన్నారు, అచ్చువేసిన పుస్తకం చదివారు, దొరికే సామానుతో చేత్తో ప్రయోగం చేశారు, తమలో తాము చర్చించుకున్నారు. సంవత్సరం తిరిగేసరికి ఉపగ్రహం వెళ్ళిపోయింది, తెర మీద బొమ్మ ఆగిపోయింది. కాని నేర్చుకున్న పద్ధతి మాస్టారి దగ్గరే ఉంది కదా!

ఇప్పుడు రెండో అనుభవం చూడండి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, పటాలు, గ్లోబు, సైన్సు పెట్టె, లెక్కల పెట్టె వంటి సామగ్రి. ఉద్దేశం ఎంతో మంచిది. కాని సామగ్రి ముందు వెళ్ళింది. దాన్ని వాడటం నేర్పుతూ ఉపాధ్యాయులకు దేశవ్యాప్తంగా ప్రత్యేక శిక్షణ పెట్టింది 1993-94లో. మధ్యలో ఆరేడు సంవత్సరాలు. ఈలోగా చాలా బడుల్లో ఆ పెట్టెలు బీరువాల్లో ఉండిపోయాయి. పాడైతే జవాబు చెప్పుకోవాలన్న భయం ఒకటి, ఏ పాఠానికి ఏ వస్తువు తియ్యాలో తెలియకపోవటం ఒకటి.

ఈ రెండింటి మధ్య తేడాలోనే నేను చెప్పదలచుకున్నదంతా ఉంది. మాస్టారు తయారుగా ఉంటే కోళ్ళ వల గొడుగు కూడా పాఠం చెబుతుంది. మాస్టారు తయారుగా లేకపోతే ఎంత ఖరీదైన వస్తువైనా బీరువాకు బరువే.

ఇప్పుడు మన బడుల్లోకి వచ్చినవి చూడండి. 2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వం 'దీక్ష' అనే పాఠాల భాండాగారాన్ని ప్రారంభించింది. మన పాఠ్యపుస్తకాల్లో చదరంగా కనిపించే నల్ల చుక్కల గుర్తు మీద ఫోను పెడితే ఆ పాఠానికి సంబంధించిన బొమ్మలూ మాటలూ తెరుచుకునేది దాని వల్లనే. 2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారం చేశారు. ఆ తర్వాత నాడు-నేడు పథకం కింద ఉన్నత పాఠశాలలకు తాకితే పలికే పెద్ద తెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు అందాయి. వస్తువు మళ్ళీ ముందే వచ్చింది. మరి మాస్టారు?

పొయ్యికి మూడు రాళ్ళు

పని చేస్తున్న ఉపాధ్యాయులకు సెలవుల్లో శిక్షణలు ఉంటాయి, అవి అవసరమే. కాని అలవాటు పడవలసిన వయసు శిక్షణలో ఉన్నప్పుడే. 1987 తర్వాత జిల్లాకొకటిగా నెలకొల్పిన విద్యాశిక్షణ సంస్థలను, అంటే డైట్‌లను, తీర్చిదిద్దినవారికి ఈ సంగతి ముందే తెలుసు. డైట్‌కు ఏడు విభాగాలు ఏర్పరిస్తే అందులో ఒకటి అచ్చంగా విద్యా సాంకేతిక విభాగం. మన ఉమ్మడి విశాఖపట్నం జిల్లాకు డైట్ భీమునిపట్నంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా, మన ప్రాంతపు పంతుళ్ళకు చిరకాలంగా భీమిలి పేరు గురువుగారి ఇంటి పేరు లాంటిది.

ఛాత్రోపాధ్యాయులకు కంప్యూటరును ఒక విడి పాఠంగా నేర్పితే చాలదు. మీట ఎక్కడుంది, తెర ఎలా వెలుగుతుంది అన్నది రెండు రోజుల పని. ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా ఆ పని చేసి చూపిస్తాడు. కష్టమంతా వేరే చోట ఉంది. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పని చేసిన పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు ఆచార్యులు 2006లో దీన్ని ఒక సిద్ధాంతంగా రాశారు. దాన్ని మన భాషలో చెప్పాలంటే పొయ్యికి మూడు రాళ్ళు. పాఠ్యవిషయం తెలియటం ఒక రాయి. పిల్లలకు చెప్పే విధానం తెలియటం రెండో రాయి. ఉపకరణం తెలియటం మూడో రాయి. ఏ ఒక్కటి లేకపోయినా కుండ ఒరిగిపోతుంది. ఇంకో మాట. లెక్కలకు పెట్టిన పొయ్యి తెలుగుకు పనికిరాదు. ఏ సబ్జెక్టుకు ఆ మూడు రాళ్ళూ మళ్ళీ సర్దుకోవాలి. అందుకే సబ్జెక్టు వారీగా కొన్ని ఉదాహరణలు చెబుతాను.

తెలుగు: మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. ఉర్దూలో 'ణ', 'ళ' ధ్వనులు లేవు. ఒకటో తరగతిలో పిల్ల 'బాణం' అనటానికి 'బానం' అంటుంది, 'తాళం' అనటానికి 'తాలం' అంటుంది. కొందరు నవ్వుతారు, పిల్ల నోరు మూసుకుంటుంది. ఇక్కడ తెర అక్కరలేదు, ఫోనులోని రికార్డరు చాలు. టీచరమ్మ ఒకసారి పలికి రికార్డు చెయ్యాలి, పిల్ల పలికింది పక్కన రికార్డు చెయ్యాలి, రెండూ వినిపించాలి. తన గొంతు తనే విన్న పిల్ల రెండుమూడు రోజుల్లో సరిదిద్దుకోవటం మొదలుపెడుతుంది. ఎవరూ ఎగతాళి చెయ్యకుండా జరిగే దిద్దుబాటు అది. అలాగే ఇంట్లో నానీ చెప్పే కథను రికార్డు చేసుకుని రమ్మని, దాన్ని తరగతిలో తెలుగులో చెప్పిస్తే రెండు భాషలూ వికసిస్తాయి.

లెక్కలు: పదులు, ఒకట్లు నేర్పేటప్పుడు తెర మీద పుల్లల కట్టలు ఎగిరి వచ్చి కూర్చునే బొమ్మలు ఉంటాయి. చూడముచ్చటగా ఉంటాయి. కాని చింతపిక్కలు పది చొప్పున పోగులు పెట్టని చెయ్యి ఆ బొమ్మను చూసి నేర్చుకునేది తక్కువ. వరస ఇలా ఉండాలి: ముందు చింతపిక్కలు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత పలక మీద అంకె. భిన్నాల దగ్గర మాత్రం తెర గొప్పగా పనికొస్తుంది. ఒకే రొట్టెను రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలు చేసి పక్కపక్కన పెట్టి, ఎనిమిదో వంతు నాలుగో వంతు కన్నా చిన్నదని క్షణంలో చూపిస్తుంది. అంకె పెద్దది కాబట్టి ముక్క కూడా పెద్దదనుకునే పిల్లలకు అది కళ్ళు తెరిపిస్తుంది.

పరిసరాల విజ్ఞానం: మన ప్రాంతం ఈ సబ్జెక్టుకు పెట్టని ప్రయోగశాల. చీడికాడ మండలంలోనే కోనాం జలాశయం ఉంది, బొడ్డేరు ఉంది. ఇస్రో వారు 2009లో ప్రారంభించిన 'భువన్' అనే పటాల సేవ ఉంది. అందులో కొండ ఎక్కడ మొదలైంది, ఏరు ఏ వంపు తిరిగింది, నీళ్ళు ఎక్కడ ఆగాయి, పొలాలు ఎటువైపు పచ్చగా ఉన్నాయి అన్నీ పై నుంచి చూపించవచ్చు. ముందు ఆ పటం చూపించి, తర్వాత పిల్లల్ని గట్టు మీదకు తీసుకువెళ్తే, తిరిగొచ్చి తామే పటం గీస్తారు. మరో ఉదాహరణ బెల్లం. చెరకు రసం పెనంలో మరిగి, నీరు ఆవిరై, పాకం చిక్కబడి, దిమ్మ కట్టే దాకా ఛాత్రోపాధ్యాయుడే ఫోనులో చిత్రించి పెట్టుకోవచ్చు. ద్రవం ఘనంగా మారటానికి అంతకన్నా మంచి పాఠం ఏ కంపెనీవారూ మనకు తయారు చేసి ఇవ్వరు. వేడి పెనం దగ్గరకు నలభైమంది పిల్లల్ని తీసుకువెళ్ళలేం, అందుకని అక్కడ వీడియోదే పై చెయ్యి.

ఇంగ్లీషు: 2020-21 నుంచి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పుస్తకం వచ్చింది సరే, ఉచ్చారణ ఎవరు వినిపిస్తారు? పల్లె బడి మాస్టారికి తన ఉచ్చారణ మీద బెరుకు ఉండటం తప్పు కాదు. దీక్షలోని ఆడియోను ముందురోజు రాత్రి తాను నాలుగుసార్లు విని, మర్నాడు తరగతిలో వినిపించి, తర్వాత తానే చదివితే పిల్లలతోపాటు తానూ ఎదుగుతాడు.

ఎప్పుడు ఆపాలి?

వెలిగించటం కన్నా ఆపటం పెద్ద విద్య. ఇరవై నిమిషాల వీడియో ఏకబిగిన వేసేసి మాస్టారు హాజరు పట్టీ రాసుకుంటే అది పాఠం కాదు. పూర్వం ఉపగ్రహ ప్రసారాన్ని మధ్యలో ఆపటం మాస్టారి చేతిలో లేదు. ఇప్పుడు ఆ స్వాతంత్ర్యం మన చేతిలో ఉంది. రెండు నిమిషాలు చూపి ఆపాలి, 'ఇప్పుడేం జరుగుతుంది?' అని అడగాలి, జవాబులు బోర్డు మీద రాయాలి, మళ్ళీ వెయ్యాలి. వెనక బెంచీలో పిల్లకు అర్థం కాలేదన్న సంగతి తెరకు తెలియదు, పంతులికే తెలుస్తుంది.

ఈ సందర్భంలో అబ్దుల్ కలాం గారి బాల్యం గుర్తుకొస్తుంది. రామేశ్వరంలో ఐదో తరగతిలో శివసుబ్రమణ్య అయ్యర్ గారనే ఉపాధ్యాయులు పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్ల మీద రెక్కలు, తోక, తల గీసి వివరించారు. అర్థమైందా అంటే కలాం గారు కాలేదన్నారు, మరికొందరు పిల్లలూ అదే మాట అన్నారు. ఆయన కోప్పడలేదు. ఆ సాయంత్రమే తరగతినంతా సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళి ఎగిరే పక్షులను చూపించారు. తన జీవితానికి దారి అక్కడే దొరికిందని కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. బొమ్మ చాలదని గ్రహించటం, వెంటనే మరో దారి వెతకటం – ఉపాధ్యాయుడి విద్య అంటే అది. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే ఆయన కన్నుమూశారు. చివరి దాకా గురువుగానే ఉన్నారు.

మరికొన్ని జాగ్రత్తలు. సిగ్నలు అందని కొండ పల్లెలకు పోస్టింగు రావచ్చు, అందుచేత పాఠాన్ని ముందే ఫోనులోకి దించుకోవటం అలవాటు కావాలి. కరెంటు పోతే చెప్పటానికి రెండో పథకం నోటుబుక్కులో ఉండాలి. పిల్లల ఫొటోలు, వీడియోలు ఊరంతా పంపకూడదు, అవి వాళ్ళ తల్లిదండ్రుల సొత్తు. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన వెంటనే పాఠ్య పథకం రాసి ఇస్తోంది. అందులో తప్పులూ తియ్యగానే ఉంటాయి. విషయం తెలిసినవాడికి అది సహాయకుడు, తెలియనివాడికి అది దారి తప్పించే తోడు.

మన సంఘం చెయ్యదగిన పని

ఉపన్యాసం విని ఇంటికి వెళ్తే ఫలితం లేదు. కార్యవర్గం ముందు కొన్ని విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి. సంఘానికి ఒక ల్యాప్‌టాపు, చిన్న ప్రొజెక్టరు, ఒక స్పీకరు సమకూర్చాలి. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో షరియత్‌లో నియమాలున్నాయి కనుక, దాన్ని ముట్టుకోకుండా సాధారణ చందాల నుంచే కొనటం మేలు. కొన్నాక తాళం వేసి పెట్టకండి. పాడైతే బాగు చేయిద్దాం.

రెండు. మన ప్రాంతంలో డీఎడ్ చదివే పిల్లలు, ఏ కులం వారైనా ఏ మతం వారైనా సరే, సెలవుల్లో వారానికి ఒక రోజు ఇక్కడ పది పన్నెండుమంది చిన్నపిల్లలకు నిజమైన పాఠం చెప్పాలి. చిన్నపిల్లలకు ట్యూషను, పెద్దపిల్లలకు అభ్యాసం. వెనక కూర్చోవటానికి పని చేస్తున్న, విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయులను పిలుద్దాం. పాఠం అయ్యాక యంత్రం ఎందుకు వాడావు, వాడకపోతే ఏం పోయేది అన్న రెండే ప్రశ్నలు అడగాలి.

మూడు. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ సంవత్సరంలో పది పాఠాలు, సబ్జెక్టుకు రెండుకు తక్కువ కాకుండా, మన ఊళ్ళ సామగ్రితో తయారు చెయ్యాలి. ఆ పాఠాలు సంఘం దగ్గర భద్రపరిస్తే తర్వాత వచ్చేవారికి పెట్టుబడి.

నాలుగు. ఆడపిల్లలకు అనువైన వేళ, తోడు, తిరిగి వెళ్ళే ఏర్పాటు సంఘమే చూడాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్నదమ్ముల చేతిలో ఉంటే, పంతులమ్మ కావలసిన చెల్లెలు పుస్తకంలో ఫోను బొమ్మ చూసి పరీక్ష రాస్తుంది. తల్లిదండ్రులు ఈ మాట కాస్త ఆలోచించండి. రోజుకు ఒక గంట ఆ ఫోను ఆమెది కావాలి.

స్వతంత్ర భారత తొలి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆయన జన్మదినమైన నవంబరు 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వచ్చే నవంబరు 11న పూలదండతో సరిపెట్టకుండా, మన పిల్లలలో ఒకరి చేత ఇదే వేదిక మీద మూడో తరగతి పాఠం చెప్పించండి. ముందు వరుసలో పిల్లల్ని కూర్చోబెట్టండి, మనం వెనక కూర్చుందాం. పిల్లలకు అర్థమైతే మన సంఘం పని మొదలైనట్టే.

బడికి మొదటిసారి వచ్చే పేదవాడి బిడ్డకు ఇంట్లో చెప్పేవారు లేరు. ఆ బిడ్డకున్న ఆస్తి ఒక్క పంతులే. ఆ పంతుల్ని మంచిగా తయారు చెయ్యటం సదఖ-ఎ-జారియా, అంటే మనం పోయాక కూడా ఆగని దానం. ఆ భాగ్యం మన సంఘానికి అల్లాహ్ ప్రసాదించాలని దువా చేస్తున్నాను. ఆమీన్.